ల్యాప్‌టాప్‌కు శుక్రవారం బొట్టు

మా అక్కకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. చేతులతో మాట్లాడుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. వీడియో ఆగి ఆగి రావడం అందరి ఇళ్లలో ఒక చిరాకు, అంతే. మా ఇంట్లో అలా కాదు. ఫోన్లో మాట తెగితే మీరు "హలో హలో" అంటారు, అవతలి వాళ్లూ అంటారు, ఇద్దరికీ తెగిందని తెలుస్తుంది. అక్క చేతులు తెర మీద సగంలో బిగుసుకుపోయి, మళ్లీ ఎక్కడో ముందుకు దూకి కదిలితే, చూసేవాళ్లు వీడియో తెగిందనుకోరు. ఈమెకు మాట్లాడటమే రాదనుకుంటారు.

అలాగే అనుకున్నారు. జిల్లాల్లో ఉండే వినపడని పిల్లలకు ఆదివారాలు ఆన్‌లైన్లో కథలు చెప్పించే సంస్థ ఒకటి అక్కను ట్రయల్ క్లాసుకు పిలిచింది. అక్క నెల రోజుల నుంచీ అద్దం ముందు కథ చెప్పుకుంటూనే ఉంది. తీరా క్లాసు రోజు మా పాత ల్యాప్‌టాప్ కొంచెంసేపు బాగానే నడిచి, తర్వాత మొండికేసింది. క్లాసు అయ్యాక అక్కడి మేడమ్ మెసేజ్ పెట్టింది. "మీ సైగలు క్లియర్‌గా లేవు. ప్రాక్టీస్ చేయండి. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చూద్దాం."

అక్క ఆ మెసేజ్ నాకు చూపించి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం దాకా వాటిని బయటికి తీయలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. హాస్టల్ బడిలో ఆమెతో చదువుకున్న వాళ్లంతా సందేహం వస్తే ఇప్పటికీ ఈమెనే అడుగుతారు. అలాంటి మనిషిని పట్టుకుని క్లియర్‌గా లేదంటారా! ఆ మేడమ్‌ను నాలుగు తిట్టాను. తర్వాత ల్యాప్‌టాప్‌ను పద్నాలుగు తిట్టాను. ఇంకొక్క ఆదివారం ఉంది. అది కూడా పోతే ఆ మాట మా అక్క మీద అచ్చేసినట్టు ఉండిపోతుంది.

మాది నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయి ఇల్లు. అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేస్తుంది. అక్క పక్కనే కూర్చుని ఆమెకు సాయం చేస్తుంది. నేను ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు ఎక్కిస్తాను. కాబట్టి ఇంట్లో కంప్యూటర్ డాక్టర్ని నేనే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, మా సందు మొత్తానికి ఆ ఆముదం చెట్టును నేను. మరి ఫోన్లో క్లాసు చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఫోన్లో అంతమంది పిల్లలు ఆవగింజల్లా కనిపిస్తారు. వాళ్ల చేతులు కనపడకపోతే వాళ్లేమడిగారో అక్కకు ఎలా తెలుస్తుంది?

మొదట నెట్ మీద పడ్డాను. నెట్ అబ్బాయికి ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటే వచ్చి వైరు మార్చి పోయాడు. ఏమీ తేడా లేదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లోనే ఉన్న మా పిన్ని కూతురి పెళ్లి వీడియో పెట్టి చూశాను. దానికి నెట్‌తో పనిలేదు. తలంబ్రాల దాకా సాఫీగా వచ్చింది. అక్కడి నుంచి పెళ్లికొడుకు దోసిలి ఎత్తి, ఆగి, ఎత్తి, ఆగి, ఎంతకూ తలంబ్రాలు పోయడే. అక్క ఆడుకునే కార్ల ఆట కూడా అంతే. పొద్దున తెరవగానే బాగుంటుంది, కాసేపటికి కారు కుంటుతుంది.

ఆఫీసులో అడిగితే అందరూ ఒకటే మాట. "ఫార్మాట్ కొట్టు." మా ఆఫీసులో ఫార్మాట్ అంటే పారాసిటమాల్ లాంటిది, ఏ రోగానికైనా ముందు అదే. సరే, ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచి ఫార్మాట్ కొట్టాను. కొట్టాక తెరిచి అప్పుడు గమనించాను, ఎంత నిశ్శబ్దంగా ఉందో! ఇదివరకు గుయ్ మంటూ చెవిలో జోరీగలా మోగేది. "సూసినవా అమ్మా, సప్పుడు గూడ పోయింది. పాణం మంచిగైంది దీనికి," అని గొప్పలు పోయాను. కాసేపటికి పెళ్లికొడుకు మళ్లీ దోసిలి ఎత్తి ఆగిపోయాడు.

శుక్రవారం పొద్దున నేను నుదురు కొట్టుకుంటుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. ల్యాప్‌టాప్‌ను కొంచెం ఎత్తి కింద అరచెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుంది. అమ్మ పీకో మిషన్‌కు నూనె ఎప్పుడు కావాలో కూడా ఆమె అలాగే చెబుతుంది, బల్ల మీద చెయ్యి ఆనించి. తర్వాత నా చెయ్యి లాక్కుని తన చెయ్యి ఉన్న చోటే పెట్టింది. పెనంలా కాలుతోంది. "వేడి, తెలుసులే," అని సైగ చేశాను. కాదని తల ఊపి, ఇంకా గట్టిగా నొక్కింది. వేలు గాలిలో గుండ్రంగా తిప్పి, చటుక్కున పిడికిలి బిగించింది. లోపల తిరిగేది తిరగడం లేదట. ఇదివరకు ఆ చోట సన్నగా వణుకు ఉండేదట, అరచేతికి చక్కిలిగింత పెట్టేదట, ఇప్పుడు అది లేదట.

నేను నోరు తెరుచుకుని చూశాను. ఫ్యాను! ఆ గుయ్ మనే మోత ఫ్యానుది. అది ఎప్పుడో చచ్చిపోతే, రెండు చెవులూ ఉన్న నేను సప్పుడు పోయిందని సంబరపడ్డాను. ఏ సప్పుడూ ఎరగని మనిషి అది ఆగిపోయిందని పట్టుకుంది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇది నాకు వింతగానే ఉంటుంది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి ఇద్దరం ఆబిడ్స్ దాకా నడిచాం. పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక పాత కాంప్లెక్సులో మేడ మీద రిపేర్ షాపు ఉంది. ఆయన ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శానా పాతది మేడమ్. దీని మీద ఎందుకు తిప్పలు? జర మంచిది కొత్తది సూసుకోండ్రి."

"ముందు విప్పి సూడు భయ్యా. ఫ్యాను తిరుగుతలేదంటుంది మా అక్క."

"ఆమెకెట్ల ఎర్కైంది?"

"చెయ్యి వెట్టి సూసింది."

ఆయన మొదటిసారి అక్క ముఖం చూశాడు. అక్క కౌంటర్ మీద గుండ్రంగా వేలు తిప్పి, పిడికిలి బిగించి చూపించింది. "ఔనా," అని స్క్రూడ్రైవర్ తీశాడు.

అడుగు మూత తీయగానే ఆయన పకపకా నవ్వాడు. "ఏంది మేడమ్ గిది? దీనికి పెండ్లి గిట్ల చేసిన్రా?"

తొంగి చూశాం. ఫ్యాను రెక్కల మధ్య పసుపు. పసుపు మీద కుంకుమ. ఇన్నాళ్లూ మా గదిలో ఎగిరిన దారప్పోగులన్నీ ఆ జిగురుకు అతుక్కుని ఎర్రటి దూదిలా గడ్డకట్టాయి. దానికి తోడు ఒక అక్షింత రెక్కకూ అంచుకూ మధ్య సరిగ్గా ఇరుక్కుని, తిరగనివ్వకుండా అడ్డం పడి ఉంది.

అమ్మ! దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేస్తుంది కదా, అందరం చేస్తాం. కానీ మా అమ్మ దసరాతో ఆగలేదు. ఈ ల్యాప్‌టాప్‌తోనే పెద్దదానికి దోస్తులతో టైపు చేసుకుని మాట్లాడే భాగ్యం కలిగిందని, దానికి శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతోంది. ఎక్కడ పెట్టాలి? మూత మీద పెడితే చెరిగిపోతుంది. పక్కన జాలీ లోంచి వెచ్చటి గాలి రావడం చూసింది. ఊపిరి వచ్చే చోటే కదా ప్రాణం ఉండేది, అక్కడే పెట్టింది. నూనెలో కలిపిన పసుపు, మీద కుంకుమ, రెండు అక్షింతలు. మిషన్‌కు నూనె పోసే రంధ్రం దగ్గర కూడా ఆమె అలాగే పెడుతుంది. మిషన్‌కు ఏమీ కాలేదు మరి.

షాపాయన బ్రష్‌తో అదంతా దులుపుతూ చెప్పాడు. "ఫ్యాను బందైతే లోపల వేడెక్కుతది. మస్తు వేడైతే ప్రాసెసర్ తనంతట తనే నిమ్మళం అయితది మేడమ్, మెల్లగ నడుస్తది. లేకుంటె కాలిపోతది గద. గందుకే వీడియో ఆగుడు, ఆట ఆగుడు. అది ఖరాబ్ గాలే, పాణం కాపాడుకుంటుంది."

దాన్ని మొండిదని, దొంగదని, ముసలిదని తిట్టిపోశాను. అదేమో ఊపిరాడక, మంటల్లో కూర్చుని, ఆగి ఆగైనా తన పని చేస్తూనే ఉంది. చూడబోతే అంత చిన్న ఇనప ముక్క. దానికి ఇంత ఇంగితం ఎవరు నేర్పారో! నాకు నిజంగా దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. మా ఇంట్లో వాళ్ల దండాలతోనే దానికి ఈ గతి పట్టింది.

ఆయన ఫ్యాను మార్చి, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు రాసి, మూత బిగించి ఆన్ చేశాడు. మేం వినక ముందే అక్క అరచెయ్యి ఆనించేసింది. ఆమె ముఖం చూసి షాపాయన, "చల్తా హై?" అన్నాడు, నడుస్తోందా అని. ఆమెకు వినపడదని మరిచిపోయాడు. అయినా అక్క తల ఊపింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. అక్క నా వీపు మీద ఒకటి వేసి వద్దంది, కానీ నా నోరు ఆగుతుందా? అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అంటే నా బిడ్డ నోరు నేనే కట్టేసిన్నా?" అంది. గడప దగ్గర అలాగే కూలబడింది. అక్క వెళ్లి ఆమె గడ్డం పట్టుకుని, నువ్వు బొట్టు పెట్టింది నా కోసమే కదా అని నెమ్మదిగా, ఒక్కొక్క సైగా విడివిడిగా చేసి చెప్పింది. అమ్మకు అర్థమైంది. అయినా ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం అక్క కిటికీకి ఎదురుగా కూర్చుంది. తెర నిండా పిల్లలు, మూలన మేడమ్. నేను పక్కన, కెమెరాకు కనపడకుండా. అమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

అక్క కథ మొదలుపెట్టింది. కాచిగూడలో టికెట్ లేకుండా రైలెక్కిన ఒక మేక కథ. నాకు తెలిసిన కథే, అద్దం ముందు చూసిందే. అయినా అప్పుడు నేను చూసింది వేరు. రెండు వేళ్లు కొమ్ములయ్యాయి, గడ్డం మేకదైంది. భుజాలు ఊగితే రైలు కదిలింది. కనుబొమ్మలు ముడిపడితే టీసీ వచ్చాడు, మరుక్షణం అవే కనుబొమ్మలు అమాయకంగా లేచి మేక పక్కవాడి దుప్పట్లో దూరింది. ఒక్క మనిషి ఒక్క కుర్చీలో కూర్చుని ఇంత మందిగా మారడం నేనెక్కడా చూడలేదు. నేను తెర వైపు చూశాను. ఎక్కడా ఆగలేదు. అక్క చేతులు ఇక్కడ ఎలా కదిలాయో తెర మీద కూడా అలాగే కదిలాయి.

మేక దిగి పోగానే పిల్లలంతా చేతులు పైకెత్తి గాలిలో ఆడించారు. అది వాళ్ల చప్పట్లు. తెరంతా అరచేతులే. మేడమ్ కళ్లు తుడుచుకుంటూ కింద ఏదో టైపు చేసింది. "చాలా క్లియర్. ఇక నుంచి ఆదివారాలు మీవే." నేను అమ్మకు చదివి వినిపించాను.

క్లాసు అక్కడితో అయిపోవాలి. కానీ పిల్లలు వదల్లేదు. ఒకమ్మాయి ఏదో అడిగింది, అక్క చెప్పింది. ఇంకొకడు అడ్డం వచ్చాడు. అక్క నవ్వింది, వాడిని వెక్కిరించింది, ఈ పిల్లకు జవాబు చెబుతూనే ఆ పిల్లాణ్ణి ఏదో అడిగింది. చేతులు వేగం అందుకున్నాయి. నేను మొదట్లో కొన్ని మాటలు పట్టుకున్నాను, తర్వాత సగం పట్టుకున్నాను, తర్వాత ఒక్కటీ చిక్కలేదు. వేళ్లు కనిపిస్తున్నాయి, మాటలు దాటిపోతున్నాయి. ఇంత గడగడా మాట్లాడే మనిషిని నేను ఆ ఇంట్లో అంతకు ముందు చూడలేదు.

అమ్మ నా భుజం పట్టుకుంది. "ఏమంటుంది?"

"నాకు అందుతలేదమ్మా."

అమ్మ అక్క చేతుల వైపే చూసింది. కొంగు నోటి మీంచి ఎప్పుడు జారిందో ఆమెకు తెలియదు.

"గింత మాట్లాడ్తదా నా బిడ్డ?" అంది. మళ్లీ తనే, "మనకు అందాలెనని ఇన్నేండ్లు నిమ్మళంగ మాట్లాడిందా ఏంది?" అంది.