బాల్కనీ కింద పందిరి

నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఎఫీమ్ ష్టెర్న్ యూదుడన్న మాట తన సోవియట్ పాస్‌పోర్టులో తప్ప ఎక్కడా చూడలేదు. ద్నీపర్ నది ఒడ్డున పైపుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేవాడు. పండుగలు ఎరగడు, ప్రార్థన ఎరగడు. బ్రెడ్డు మీద పంది కొవ్వు వేసుకుని, ఉప్పు తక్కువైందని గొణుక్కుంటూ తినేవాడట. ఆ తర్వాత భార్య ల్యూబానీ, పదేళ్ళ కూతురు ఇన్నానీ వెంటబెట్టుకుని ఇజ్రాయెల్‌లోని బెయేర్షెబా ఊరొచ్చి మా బిల్డింగులో కింద వాటాలో దిగాడు. పక్క వాటా నాది.

యూదుల పండుగ చేసుకోవడం అతనికి నేర్పింది యూదు గురువులైన రబ్బీలు కాదు, మేము. యేషువాయే, అంటే యేసే, మెస్సీయ అని నమ్మే యూదులం, మొత్తం ఎనభై మందిమి, ఒక పాత గోడౌనులో కూడుకుంటాం. రబ్బీలు మమ్మల్ని క్రైస్తవులంటారు, చర్చి వాళ్ళు యూదులంటారు. మా బతుకు రెంటికీ చెడ్డ రేవడి.

ద్రాక్ష, ఖర్జూరం కోతలు ముగిసి పంట ఇంటికి చేరాక పర్ణశాలల పండుగ వస్తుంది. ఏడు రోజులు ఆకుల పందిట్లో తింటాం. గోడౌను వెనక ఖాళీ జాగాలో వేసిన మా పందిట్లో మొదటిసారి ఖర్జూర మట్ట, మాదీఫలం చేతిలోకి తీసుకున్నప్పుడు ఎఫీమ్ వెక్కి వెక్కి ఏడ్చాడు. పైనుండాల్సినవాడు దిగొచ్చి మనలాంటి వాళ్ళ మధ్య ఓ పందిట్లో కాపురం పెట్టాడు, పంటని ఇల్లు చేర్చినట్టు ఆఖరున చెదిరినవాళ్ళందరినీ పోగుచేస్తాడు. ఈ పండుగకి మేము చెప్పుకునే అర్థం ఇదే. ఎఫీమ్ దాన్ని అక్షరాలా నమ్మాడు. ల్యూబా పోయాక మరీ గట్టిగా నమ్మాడు.

“అందరూ అంటే అందరూ రైసా. మా ఇన్నా కూడా,” అనేవాడు నాతో.

ఇన్నా ఇరవయ్యో ఏట నిష్ఠాపరులైన యూదుల్లో కలిసిపోయింది. పేరు టెహిలా అని మార్చుకుంది. ఎల్కానా అనే చదువుకున్న కుర్రాణ్ణి చేసుకుని ఉత్తరాదికి వెళ్ళిపోయింది. పెళ్ళికి తండ్రిని పిలవలేదు. మనవరాలు పుట్టిందని అతనికి రెండేళ్ళ తర్వాత తెలిసింది. తండ్రి యేషువా పేరు ఎత్తినంతకాలం గడప తొక్కనంది. అతను పేరు మానలేదు, ఆమె గడప తొక్కలేదు. తొమ్మిదేళ్ళు ఇలాగే గడిచాయి.

ఈ శరదృతువులో ఫోన్ చేసింది.

“నాన్నా, పండుగలో మూడో రోజు వస్తాం. ఒక్క గంట. మీ పందిట్లోనే కూర్చుంటాం. తిండి రబ్బీల సీలు వేసిన డబ్బాల్లో ఉండాలి. ప్లేట్లు కాగితంవి. ఆ పేరు ఎత్తకూడదు. మీవాళ్ళెవరూ ఉండకూడదు.”

“రైసా కూడానా?”

“ఆవిడ ముఖ్యంగా.”

ఈ మాట నాకు చెప్పి పకపకా నవ్వాడు. పదేళ్ళు చిన్నవాడైపోయాడు. మర్నాడే ఇనప పైపులు తెచ్చి వెల్డింగ్ మొదలుపెట్టాడు. పెరట్లో మధ్యన వేస్తున్నాడు. నేను బట్టలారేస్తూ ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

“అక్కడ ఎండ మండిపోతుంది. నాలుగేళ్ళ పిల్ల వడదెబ్బ తింటుంది. ఇటు జరిపి పైవాళ్ళ బాల్కనీ కింద వెయ్యి. చల్లగా ఉంటుంది, పావురాల రెట్టలూ పడవు.”

“నీకు అప్పుడప్పుడు బుర్ర పనిచేస్తుంది రైసా,” అన్నాడు. పైపుల్ని గోడకి బోల్టులతో బిగించాడు. పైన ఖర్జూర మట్టలు పరిచాడు, దానిమ్మకాయలు వేలాడదీశాడు. అందులో తప్పుందని మాకెవరికీ తట్టలేదు. గోడౌను దగ్గర పందిరి ఎప్పుడూ ఆరుబయటే ఉంటుంది, ఎందుకుంటుందో మేమెప్పుడూ అడగలేదు. సోవియట్ దేశం నుంచి వచ్చినవాళ్ళకి మెస్సీయ దొరికాడు గానీ, పందిరి ఎలా వెయ్యాలో చెప్పే తాత దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం వచ్చారు. నేను వంటింటి కిటికీ దగ్గర చేరాను. సిగ్గుపడాల్సిన పనే, అయినా చేరాను. ఇన్నా తలకి గుడ్డ కట్టుకుంది, చెయ్యి పట్టుకుని పాప. ఎల్కానా నల్ల కోటు, నల్ల టోపీ. పందిరి గుమ్మంలో ఆగి తలెత్తి చూశాడు.

“ఎఫీమ్ గారూ, పైన బాల్కనీ ఉందండీ.”

“అవునయ్యా. అందుకే వేశా, పాపకి ఎండ తగలకుండా.”

“అది కాదండీ. పందిరి మీద ఆకులూ, ఆకుల మీద ఆకాశమే ఉండాలి. దీన్లో కూర్చుంటే పందిట్లో కూర్చున్నట్టు కాదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఎఫీమ్ ఒక్క క్షణం పైకి చూసి, లోపలికి పరిగెత్తి స్పానర్ తెచ్చాడు.

“పది నిమిషాలు! ఆరే ఆరు బోల్టులు. బయటికి లాగేస్తా. పండుగ మధ్య రోజుల్లో ఇలాంటి పని చేయొచ్చుగా?”

“చేయొచ్చు,” అన్నాడు ఎల్కానా. కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. “మీరు విప్పండి, నేనో పక్క పట్టుకుంటా.”

ఆ కుర్రాణ్ణి తొమ్మిదేళ్ళుగా తిట్టుకున్నందుకు నాకు చెంపలు వేసుకోవాలనిపించింది. రెండు బోల్టులు ఊడాయి. అప్పుడు పాప అడిగింది.

“అమ్మా, ఈయనెవరు?”

“అమ్మకి తెలిసినాయన,” అంది ఇన్నా.

స్పానర్ ఆగిపోయింది.

“ఇన్నా...”

“టెహిలా.”

“టెహిలా. పిల్లకి చెప్పలేదా?”

“విప్పొద్దు నాన్నా,” రష్యన్‌లోకి మారింది, పాపకి అర్థం కాకుండా. “బయటికి లాగినా నేను కూర్చోలేను. పాపని బడిలో వేస్తున్నాం. ఫారంలో తల్లి తరఫు వాళ్ళ గురించి అడిగారు. మీ సంగతి తెలిస్తే చేర్చుకోరు. అమ్మలాగే మీరూ పోయారని రాశాను.”

“మరి ఎందుకొచ్చావ్?”

“మీరు ఎవరో చెప్తే వినడం కంటే నేనే చెప్పాలని. ఒక గంట కూర్చుని చెబుదామనుకున్నా. బాల్కనీ చూశాక... కూర్చోకపోవడమే మంచిదనిపించింది.”

ఎల్కానాకి రష్యన్ రాదు. “ఏమైంది?” అని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె హీబ్రూలో ముక్తసరిగా చెప్పింది. ఫారం సంగతి అతనికీ అప్పుడే తెలిసినట్టుంది, ముఖం పాలిపోయింది. ఏదో అనబోయాడు. ఆమె కుర్చీ మీది కోటు తీసి అతని చేతికిచ్చింది. అతను తొడుక్కున్నాడు. అంతే. సీలు విప్పని డబ్బాలు బల్ల మీదే ఉండిపోయాయి. పాప మాత్రం గేటు దగ్గర వెనక్కి తిరిగి, పెద్దవాళ్ళు నేర్పిన మర్యాద ప్రకారం, “పండుగ శుభాకాంక్షలండీ,” అంది.

నేను వెళ్ళేసరికి ఎఫీమ్ మిగిలిన బోల్టులు విప్పుతున్నాడు.

“ఇప్పుడెందుకయ్యా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకపోతే,” అన్నాను. ఏడుపు ఆపుకోవడానికే అలా అన్నాను.

“తప్పుగా వేశాం కదా. సరిచెయ్యాలి. అటు పట్టుకో.”

ఇద్దరం ముసలివాళ్ళం పెరడు మధ్యకి ఈడ్చాం. ఎండ ఆకుల్లోంచి బల్ల మీద పడింది. ఆఖరి కోత గురించి, పోగుచేసేవాడి గురించి ఏదైనా చెబుదామని నోరు తెరిచాను. ముప్ఫై ఏళ్ళుగా అందరికీ చెప్పిన మాట ఆ పూట నా నోటికి రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. బాల్కనీ కింద వెయ్యమన్నది నేనే అని కూడా అనలేకపోయాను. అతనూ అనలేదు.

ఓ డబ్బా మూత మీది సీలుని గోరుతో గీకుతూ అడిగాడు.

“రైసా, అలాంటి ఫారాల్లో మనిషి పోయాడని రాస్తే, ఏ రోజు పోయాడో కూడా రాయమంటారా?”

“అడగరనుకుంటా,” అన్నాను.

అడుగుతారు. నా కొడుకు కూడా నా గురించి అలాంటి ఫారమే నింపాడు.