ఆ ప్రశ్నకు జవాబు నాకెరుకే

ఇన్నేండ్లు, పోయిన వానకాలం దాక, గీ మాట ఎవ్వరికీ చెప్పలే. నా పెనిమిటికి చెప్పలే, కన్నతల్లికి చెప్పలే. అన్నం తింటున్నప్పుడు, బడిల పిల్లలకు పాఠం చెప్తున్నప్పుడు, ఆఖరికి నవ్వుతున్నప్పుడు గూడ అది లోపల్నే ఉన్నది. అరగని ముద్దోలె. మీరెవరో నాకు తెల్వదు. గందుకే మీకు చెప్పగలుగుతున్న.

నా దోస్తు పేరు నస్రీన్ అనుకోండ్రి. అసలు పేరు రాయ. ఒకసారి ఆమె గుట్టుల చెయ్యి పెట్టినదాన్ని, మల్ల గా పని చెయ్య.

మాది కొల్లాపూర్ దిక్కు పల్లె. మా బాపు గొర్లు కాసేటోడు. నస్రీన్ వాళ్ల నాయిన మా ఇంటి ఎదురుంగనే మిషను పెట్టుకొని బట్టలు కుట్టేటోడు. ఆయనను నేను చాచా అనేదాన్ని. నస్రీన్ తమ్మునికి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. వానితోని ఆమె చేతులతోనే మాట్లాడేది. ఆకలైందా, కోపమొచ్చిందా, వాన వచ్చేటట్టున్నదా, అన్నీ చేతులతోనే. ఊర్లె అందరు వాణ్ణి మూగోడనేటోళ్లు. నస్రీన్ మాత్రం పేరు పెట్టి పిలిచేది, వానికి వినపడకపోయినా.

తొంభైల ఆఖర్ల ఇద్దరం మహబూబ్‌నగర్‌ల ఒక రూము కిరాయికి తీసుకొని డిగ్రీ చదివినం. ఒకటే స్టవ్వు, ఒకటే చాప. డిగ్రీ అయినంక, చెవులు వినపడని పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లను తయారుచేసే కాలేజి ఒకటి మైసూరుల ఉన్నదని నస్రీన్‌కు తెలిసింది. ఇగ ఆమెకు వేరే మాట లేదు. చాచా గూడ ఒప్పుకున్నడు. "సీటొస్తే నేనే తోల్కపోత బిడ్డా" అన్నడు. ఆమె పెడుతున్నదని నేను గూడ దరఖాస్తు పెట్టిన. నాకు గా చదువు మీద ప్రేమ ఉండెనా? లేదు. ఆమె పోతే నేనొక్కదాన్ని ఏం చెయ్యాలె అన్నదే నా ఫికర్.

హైదరాబాదు పోయి పరీక్ష రాసినం. ఫలితం మెయిల్‌ల పంపుతమన్నరు. గప్పుడు బస్టాండు దగ్గర కొత్తగ ఇంటర్నెట్ సెంటర్ పెట్టిండ్రు. కర్టెన్లు కట్టిన చిన్న చిన్న అర్రలు, లైను కలిసేదాక కీచుమనే ఫోను. నేను కొన్ని నెలలు కంప్యూటర్ నేర్చుకున్న కాబట్టి ముందు కూసునేది నేనే. ఆమెకు కొత్త మెయిల్ ఖాతా తెరిచి ఇచ్చింది నేనే. ఆమె పాస్‌వర్డ్ కొడుతుంటే మొకం అటు తిప్పుకున్న. గంత నీతిమంతురాల్ని, ఆ రోజుకు.

పాస్‌వర్డ్ అయినంక ఇంకో ప్రశ్న వచ్చింది.

"గిదేందే?" అన్నది నస్రీన్.

"పాస్‌వర్డ్ మర్చిపోతే గీ ప్రశ్న అడుగుతది. జవాబు చెప్తే కొత్తది పెట్టుకోనిస్తది. నీకు తప్ప ఎవ్వరికీ తెల్వని జవాబు పెట్టాలె."

ఆమె నవ్వింది. "నాకెరుకై నీకెరుక లేనిదేమున్నదే?"

నువ్వు పెంచుకున్న జంతువు పేరేందని అడిగే ప్రశ్న తీసుకున్నది. జవాబు చుక్కి. నొసట తెల్లచుక్క ఉన్న గొర్రెపిల్ల. తల్లి చచ్చిపోతే మా బాపు దాన్ని మా ఇద్దరి చేతుల పెట్టిండు. ఇద్దరం సీసతోని పాలు తాపి పెంచినం.

ఫలితాలొచ్చే రోజులల్ల తమ్మునికి జరమొచ్చి నస్రీన్ ఊరికి పోయింది. నేనొక్కదాన్నే సెంటర్‌కు పోయిన. నా మెయిల్ తెరిచిన. నాకు సీటు రాలే. కుర్చీల్నుంచి లేవబుద్ధి కాలే. ఆమెకు గూడ రాలేదేమో, ఒక్కసారి చూద్దామనుకున్న. చూసుడే కదా, తప్పేంది? పాస్‌వర్డ్ మర్చిపోయిన అన్నదాని మీద నొక్కిన. ప్రశ్న అడిగింది. చుక్కి అని కొట్టిన. తలుపు తీసింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టమన్నది. నోటికొచ్చింది పెట్టిన.

నస్రీన్‌కు సీటొచ్చింది. వారం లోపల చేరుతున్ననని జవాబు రాయకపోతే ఇంకొకరికిస్తమని రాసిండ్రు.

గప్పుడే బస్సెక్కి ఊరికి పోయి చెప్తే అయిపోయేది. నీ మెయిల్ చూసిన, ఏమనుకోకు అంటే, రెండు తిట్లు తిట్టి కావలించుకునేది. నాకెరుకే. అయినా పోలే. రూముకు వచ్చి చాప మీద పండుకున్న. ఆమె మైసూరు పోతది, కొత్త దోస్తులైతరు, నేను ఊరికి పోయి సంబంధాల కోసం కూసుంట. నాకొచ్చింది కుళ్లా, భయమా? ఇన్నేండ్లు గిదే అడుక్కుంటున్న. ఏదైతేనేం, ఆమెకు పడ్డ దెబ్బ ఒక్కటే.

తెల్లారి మల్ల సెంటర్‌కు పోయిన. ఈసారి ప్రశ్న గూడ మార్చిన. జవాబు గూడ మార్చిన. మొదటి రోజుది తొందరపాటు అనొచ్చు. రెండో రోజుదాన్ని ఏమనాలె? గది ఆలోచించి చేసిన పని.

ఆ ప్రశ్న, ఎవరో ఎక్కడ్నో కూసోని మంచికే పెట్టిన తాళం. తెల్వనోళ్లు ఆమె ఉత్తరాలు చూడకుంట గది మంచిగనే కాపాడింది. పక్కల పండుకునేదాన్ని నేను. నన్నెట్ల ఆపుతది? జవాబు తెలిసిందంటే ఆ మనిషే అని నమ్మింది. నస్రీన్ గూడ గట్లనే నమ్మింది.

ఆమె వచ్చినంక ఇద్దరం పోయినం. పాస్‌వర్డ్ కొట్టింది, తెరుచుకోలే. మల్ల కొట్టింది. ప్రశ్న కాడికి పోయింది. అక్కడ ఇష్టమైన ఊరేదని అడిగింది. నా దిక్కు చూసింది.

"నేను గిది పెట్టలే కదనే? చుక్కి పేరు పెట్టినం కదా?"

"తర్వాత నువ్వే మార్చినవేమో. యాదికి లేదా?" అన్న.

నా గొంతు జరంత గూడ ఒణకలే. నేను చేసిన వాటిల్ల అన్నిటికన్న పెద్ద తప్పు గా మాటనే.

ఆమె నమ్మింది. తెలిసిన ఊర్లన్నీ కొట్టి చూసింది. కాలేజికి ఫోన్ చేస్తనంటే, జర ఆగు, యాదొస్తదిలే అని ఆపింది గూడ నేనే. ఆఖరికి ఎస్టీడీ బూత్‌ల కెల్లి ఫోన్ చేసింది. సీటొచ్చిందట, మెయిల్ పంపినమన్నరట, జవాబు లేక ఇంకొకరికిచ్చిండ్రట. అద్దాల తలుపు తీసుకొని బయటికొచ్చింది. ఏడువలే. "నాదే తప్పు. నా బుర్రకేమైందో" అన్నది. ఆమె భుజం మీద చెయ్యేసిన. పాస్‌వర్డ్ మార్చిన గా చేతినే వేసిన.

నస్రీన్ బతుకు నాశనమైందని చెప్ప. కొల్లాపూర్‌ల పెండ్లయింది. సొంతంగ బట్టల దుకాణం పెట్టుకున్నది. తమ్ముడు ఆమె కాడనే కుడుతడు. మస్తు నవ్వుతది. కాని ఆ ఎండాకాలం నుంచి తన యాదిని తాను నమ్మదు. జాకెట్ కొలత తీసుకుంటె మల్ల తీసుకుంటది. తాళమేసి సందు దాటి, తిరిగొచ్చి గుంజి చూస్తది. "నాకేం యాదుండదమ్మా" అని అందరి ముంగట తన మీద తనే జోకేసుకుంటది. అందరు నవ్వుతరు. నేను గూడ నవ్విన. సీటు పోయిందనుకున్న గాని, నేను గుంజుకున్నది సీటొక్కటే కాదని అర్థమయ్యేసరికి నాకు వెంట్రుకలు నెరిసినయి.

పోయిన వానకాలం ఆమె దుకాణానికి పోయిన. కొత్త ఫోను కొన్నది. తెరవాలంటె ఏదో నంబరు పెట్టాలంటున్నది, నువ్వే పెట్టు, నువ్వే యాదుంచుకో, నాకుండదు అని నా చేతుల పెట్టింది. అక్కడ్నే, మిషను పక్కన, పట్టపగలు, అంతా చెప్పిన. నేను మెయిల్ చూసింది, ప్రశ్న మార్చింది, ఫోన్ చెయ్యనియ్యంది. ఏదీ ఇడవలే.

ఆమె మెల్లగ అడిగింది.

"అంటే... నేను మర్చిపోలే?"

"లే. నువ్వేం మర్చిపోలే."

నా చేతుల కెల్లి ఫోను తీసుకున్నది. అటు తిరిగి తనే నంబరు పెట్టుకున్నది. "ఇగ నువ్వు పో" అన్నది.

వచ్చేసిన. అప్పటి నుంచి ఫోన్ లేదు. రంజాన్ పోయింది, ఏటా పంపే సేమియా రాలే. నేను మాఫీ అడగలే. అడిగే జాగా నాకు లేదు. ఆమె కొట్టినా బాగుండేదని ఒక్కోసారి అనుకుంట. ఆ కోరిక గూడ నా సుఖం కోసమే కదా?

కాని ఒకటి చెప్త. ఆ రోజు వాపసు వచ్చేటప్పుడు బస్సు కిటికీకి తల ఆనిచ్చిన. వాన పడుతున్నది. గతుకులకు తల కొట్టుకుంటున్నా నిద్రపట్టింది. ఎన్నో ఏండ్లకు పట్టిన నిద్ర. నేను దిగాల్సిన ఊరు దాటిపోయినంక కండక్టర్ లేపిండు. ఎవ్వరూ తెల్వని రోడ్డు మీద దిగి, వానల తడుసుకుంట వెనుకకు నడిచిన. సిగ్గయితున్నది. ఊపిరి మాత్రం మంచిగాడుతున్నది.