ఓబులేసు అన్న తిప్పిన సీసాలు

నిన్న మధ్యాహ్నం ఫోన్ వస్తే నమ్మలేదు. "ఏం జోకులప్పా ఇవి" అని కట్ చేశాను.

మళ్లీ వచ్చింది.

ఓబులేసు అన్న లేడు. డ్యూటీలోనే కూలిపోయాడంట. గుండె.

జెద్దా పాతబస్తీ బలద్‌లో నా రూమ్మేట్. మా అనంతపురం మనిషే. పార్టీ హాళ్లలో జ్యూస్ కౌంటర్ పని. యాపిల్ జ్యూస్, సోడా, పుదీనా కలిపితే ఇక్కడ దాన్ని 'సౌదీ షాంపేన్' అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా అన్నకు నవ్వే నవ్వు.

ఎందుకంటే ఆయన నాసిక్‌లో నిజంగా బుడగల వైన్ చేసే చోట పనిచేసి వచ్చాడు. ఆ వైన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది, అడుగున మడ్డి పడుతుంది. సీసాలు తలకిందులుగా ర్యాక్‌లో గుచ్చి, రోజూ కొంచెం కొంచెం తిప్పాలి. మడ్డంతా మూతి దగ్గరికి దిగాక మూత తీస్తే ఒక్క ఊపున బయటికి ఎగిరిపోతుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక ముసలాయన అక్కడి మేస్త్రీకి నేర్పితే, మేస్త్రీ అన్నకు నేర్పాడు.

ఇక్కడ, ఊరికి పోతానన్నందుకు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, "పారిపోయాడు" అని హురూబ్ కేసు పెట్టాడు. పాస్‌పోర్ట్ వాడి దగ్గరే. ఇక దేశం దాటనిచ్చే ఎగ్జిట్ లేదు. దొరికిన హాల్లో దొంగచాటు పని. పోలీస్ కనబడితే సందులోకి.

ఒకరోజు రూంకి వస్తే థర్మాకోల్‌కి బొక్కలు పెట్టి, సీసాలు తలకిందులుగా గుచ్చి ఉన్నాయి! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పిచ్చా అన్నా నీకు? సారా కాస్తాండావని ఇద్దర్నీ లోపలేస్తారు!"

"నీళ్లేలేప్పా. కిటికీ మీది దుమ్ము చిటికెడేసినా, అంతే. రేపు ఎగ్జిట్ వస్తే మా మేస్త్రీ పనిలోకి తీసుకోవాల్నా వద్దా? చెయ్యి మర్చిపోగూడదు."

మూత తీసి వాసన చూశాను. నీళ్లే.

ఎంత తిట్టినా వినలేదు, మొండిఘటం. ఎగ్జిట్ ఇప్పట్లో కాదని తెలిసిన రోజు కూడా చెప్పులు విప్పకముందే సీసాలు తిప్పాడు. "బుడగ పుట్టాలంటే బిగించాల. మనిషినెందుకప్పా బిగించేది?" అన్నాడు.

ఈ పొద్దున కఫీల్ ఫోన్ చేశాడు. బాడీ పంపడానికి సంతకం పెడతాడంట! బతికున్నన్నాళ్లూ ఫోనే ఎత్తనివాడు.

సీసాలు అలాగే ఉన్నాయి. దుమ్మంతా మూతుల దగ్గరికి దిగింది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. మూత తీయడం ఒక్కటే మిగిలింది.

నీ మూత చావొచ్చి ఇట్లా తీయాల్నా అన్నా?

పోయిరా. ఎవరి సంతకమూ అక్కర్లేని చోట చల్లగా ఉండు.