రాకెట్టు కోసం నిలబడ్డ వరస

నేను షిప్‌యార్డులో సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. పొద్దున్నే పని మొదలయ్యే ముందు మనుషుల్ని నిలబెట్టి, ఇవాళ ఎవరికి ఏ ప్రమాదం జరగొచ్చో చెప్పి, విన్నట్టు సంతకాలు పెట్టించుకోవడం నా ఉద్యోగం. నేను చెబుతున్నంతసేపూ సగం మంది నిలబడే కునుకు తీస్తారు. మిగతావాళ్ళు నా బూట్లకేసి చూస్తారు.

ఆదివారాలు ఇదే ఊళ్ళో ఆంగ్ మో కియో అనే పేటలో అక్క వాళ్ళింటికి భోజనానికి వెళ్తాను. ఆ ఆదివారం వెళ్ళేసరికి బావ హాల్లో బాసింపట్టు వేసుకుని, పాత క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుడుతున్నాడు. బావ బ్యాంకులో మేనేజరు. ఇంట్లో దొరికే వస్తువులతో రాకెట్టు చెయ్యాలని ఆఫీసులో పోటీ పెట్టారట.

"నా కింద పనిచేసే అమ్మాయిది మూడో అంతస్తు దాకా ఎగిరిందంటరా. నాది కనీసం రెండైనా ఎగరకపోతే రేపట్నించి నా మాట ఎవడింటాడు?" అన్నాడు.

నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగే విటమిన్ మాత్రల గొట్టం ఒకటి ఖాళీ చేసి, దాని మూత అడుగుకి వచ్చేలా చుట్టూ కాగితం అతికించాడు. పైన కాగితంతోనే మొన, పక్కల కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్టతో మూడు రెక్కలు. గొట్టంలో కాసిని నీళ్ళు పోసి, ఒక మాత్ర వేసి, మూత బిగించి నిలబెడితే లోపల గ్యాస్ పుట్టి మూతను తన్నేస్తుంది, రాకెట్టు లేస్తుంది. అంతే అన్నాడు బావ.

అంతే అని నాకు అనిపించలేదు. మూసిన గొట్టంలో గ్యాస్, ఎగిరే వస్తువు, చుట్టూ కళ్ళున్న మనుషులు. బ్యాగులోంచి ఫారం తీశాను.

"అదేట్రా?" అంది అక్క.

"ఏయే ప్రమాదాలున్నాయో రాయాలక్కా."

"ఆదివారం కూడానా! ముందు అన్నం తినండి."

తిన్నాక వాళ్ళ అపార్ట్‌మెంట్ల బ్లాకు ముందున్న గడ్డిలోకి దిగాం. అక్కది ఒక ఎర్ర చున్నీ తీసుకుని రెండు చెట్లకి కట్టి, దాన్ని దాటకూడదన్నాను. బావకి నా బ్యాగులోని హెల్మెట్ పెట్టి, నేను అన్నం గిన్నె బోర్లించుకున్నాను. గిన్నె ఆమోదం పొందిన హెల్మెట్ కాదని ఫారంలో రాశాను కూడా. తర్వాత ఇద్దరినీ సంతకం పెట్టమన్నాను. బావ పెట్టాడు. అక్క పెన్ను కోసం అతని వెనక నిలబడింది. కూరగాయల సంచితో వెళ్తున్న చైనీస్ అంకుల్ ఒకాయన అక్క వెనక ఆగాడు. ఆయన వెనక ఒక మలయ్ ఆంటీ ఆగింది.

ఈ ఊళ్ళో వరస కనిపిస్తే ముందు నిలబడతారు, ఎందుకో తర్వాత అడుగుతారు. నేను తల ఎత్తేసరికి ఆ వరస లిఫ్టు దాకా పాకింది.

"అందరూ సంతకం పెట్టేస్తున్నార్రా," అంది అక్క హడలిపోయి.

సంతకం పెట్టినవాళ్ళకి వివరించకపోతే అది తప్పుడు రికార్డు. అందుకని గిన్నె సర్దుకుని, నా ఇంగ్లీషులో మొదలుపెట్టాను. కళ్ళు జాగ్రత్త. చున్నీ దాటొద్దు. ఒక్కరూ కునుకు తియ్యలేదు. అంకుల్ చెయ్యెత్తి, గాలి తిరిగితే ఎటు పరిగెత్తాలని అడిగాడు. ఇన్నేళ్ళలో నన్ను సందేహం అడిగిన మొదటి మనిషి ఆయన. ఎటు పరిగెత్తాలో చెయ్యి చాపి చూపించి, ఆ ప్రశ్నని కూడా ఫారంలో రాసుకున్నాను.

బావ మాత్ర వేసి, మూత బిగించి, వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. రాకెట్టు కదల్లేదు.

"చూసొత్తానుండు," అంటూ కదిలాడు.

"బావా! పేలనిదాని దగ్గరికి పావుగంట దాకా ఎవరూ వెళ్ళకూడదు!"

పావుగంట నిలబడ్డాం. ఎవరూ వెళ్ళిపోలేదు, ఇంకో పదిమంది చేరారు. తర్వాత నేనే వెళ్ళి చూస్తే మూత సరిగ్గా పట్టక గ్యాసంతా కారిపోయింది. కొత్త మాత్ర వేసి గట్టిగా నొక్కి వచ్చాను. ఈసారి టప్పుమని లేచింది. నేరుగా రెండో అంతస్తుకి వెళ్ళి, కిటికీ బయటికి చాపిన వెదురు కర్రకి ఆరేసిన ఒక నిక్కరులో దూరింది.

"అది మా ఆయనది!" అని అరిచింది వరసలో మూడో స్థానంలో ఉన్న మలయ్ ఆంటీ.

"కొంచెం తెచ్చిపెడతారా ఆంటీ?" అన్నాడు బావ.

"నేను పైకెళ్తే నా చోటు పోతుంది లా," అంది, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే "లా"తో సహా.

చివరికి తన చోట గడ్డిలో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళింది; ఇక్కడ అది పెడితే ఆ చోటు పట్టుకున్నట్టే. వెనకున్నవాళ్ళు ఆ ప్యాకెట్‌కి వెనకే నిలబడ్డారు, ఒక్క అడుగు ముందుకు జరగలేదు. ఆమె వచ్చి, రాకెట్టు బావ చేతిలో పెట్టి, ప్యాకెట్ తీసుకుని, "సరే, ఏం ఇస్తున్నారు?" అంది.

బావ నాకేసి చూశాడు. నేను అక్కకేసి చూశాను. అక్క ఏమీ తడుముకోకుండా, గొట్టంలోంచి తీసి చిన్న డబ్బాలో పోసుకొచ్చిన మాత్రల్ని మనిషికొకటి పంచడం మొదలుపెట్టింది. "నీళ్ళలో వేసుకుని తాగండి, ఒంటికి మంచిది," అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. అవి సగంలోనే అయిపోతే, ఇంట్లోంచి దగ్గు బిళ్ళలు తెచ్చి మిగతావాళ్ళ చేతిలో పెట్టింది. అందరూ థాంక్యూ చెప్పి తృప్తిగా వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసు పోటీలో బావకి మూడో బహుమతి వచ్చింది. ఫోన్ చేసి అరగంట చెప్పాడు. పోటీకి వచ్చింది ముగ్గురేనని అక్క ఆ తర్వాత చెప్పింది.