పిచ్చేశ్వరరావు గారి టిక్ టిక్

చనిపోయిన రోజు పొద్దున కూడా పిచ్చేశ్వరరావు ఒక కొత్త మనిషి చెవిని తన గుండెకు ఆనించుకున్నాడు. కోడూరు నుంచి వచ్చే బస్సులో కండక్టరు అతను.

"టికెట్ తర్వాతండీ, ముందిది వినండి" అని చొక్కా గుండీ విప్పాడట. "వినపడిందా? టిక్ టిక్. మెటల్ వాల్వు. తుప్పు పట్టదు!"

కండక్టరు విన్నాడు. వెనక సీటువాళ్లూ వంతులేసుకుని విన్నారు. పిచ్చేశ్వరరావు బందరులో ఇంటికొచ్చి, చేపల పులుసుతో అన్నం తిని, కునుకు తీస్తూ అలాగే వెళ్లిపోయాడు.

గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు ఆ సంగతి చొక్కా కింద దాచుకుంటారు. చేపల వ్యాపారి పిచ్చేశ్వరరావు ఊరందరికీ వినిపించేవాడు. పెళ్లిలో పురోహితుడికి, బ్యాంకులో మేనేజరుకి. కూచిపూడిలో నాట్యం చూస్తూ, మృదంగం కంటే తన తాళమే నిక్కచ్చిగా ఉందని పక్కాయనతో పందెం కూడా వేశాడు.

బామ్మర్ది హరిబాబుకు ఇది తలవంపు. గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు అతను. బావ ఓరోజు వచ్చి ఏకంగా ప్రిన్సిపాల్ చెవినే లాక్కున్నాడు.

"బావా, నీ గుండె నీ దగ్గరే ఉంచుకోరాదూ?"

"నా దగ్గరే ఉంచుకుంటే జనానికెలా తెలుస్తుందిరా?"

అలాంటి హరిబాబుకే ఒక ఏడాది మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. చిన్నప్పటి కీళ్లజ్వరం వాల్వును పాడుచేసిందన్నారు. మార్చాలన్నారు. హరిబాబు పరీక్షలయ్యాక అన్నాడు, వానలు తగ్గాక అన్నాడు. కాళ్లు వాచాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్‌కు కూడా పనికిరాకుండా పోతావని డాక్టరు కసిరాడు. అయినా కదల్లేదు.

బావ అక్కను వెంటబెట్టుకుని గుడివాడలో హరిబాబు ఇంట్లో దిగాడు. వస్తూనే చొక్కా విప్పాడు.

"చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడకుండా ఎవడైనా కొంటాడట్రా? ఇదీ అంతే. సరుకు చూసుకో."

హరిబాబు మొదటిసారి తనంతట తానే చెవి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"టేబుల్ మీదే పోతే, బావా?"

"పోవచ్చు. వందలో ఒకరో ఇద్దరో పోతారని నాకూ చెప్పారు. మరి చేయించుకోనివాళ్లలో ఎంతమంది పోతారో అదీ అడుగు."

"తర్వాత?"

"రక్తం పల్చబడే మాత్ర బతికినన్నాళ్లూ వేసుకోవాలి. మానేశావా, వాల్వు మీద గడ్డకట్టి పక్షవాతం. ఎక్కువైందా, చిగుళ్లలోంచి నెత్తురు. అందుకే ఎప్పటికప్పుడు రక్తపరీక్ష. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టర్ని అడగాలి."

"గోంగూర మానెయ్యాలటగా?"

"అక్కర్లేదు. ఆకుకూర ఎక్కువైతే మాత్ర పని తగ్గుతుంది, అందుకని రోజూ తినేంతే తినాలి. నేనొక పెళ్లిలో గిన్నెడు లాగించి పరీక్షలో దొరికిపోయా. డాక్టరు తిట్టిన తిట్లు నీకు చెప్పను, మీ అక్క వింటుంది."

హరిబాబు నవ్వి, అంతలోనే నీరుగారిపోయాడు. "అది కాదు బావా. పడుకుంటే గుండెలో అలా కొట్టుకుంటూనే ఉంటుందా? ఆ చప్పుడుతో నిద్రెలా పడుతుంది?"

"ఓస్, అదా నీ భయం! జోలపాటరా! అది వినకపోతే నాకసలు రెప్ప వాలదు."

ఆ మాట పట్టుకునే హరిబాబు ఆపరేషన్‌కు వెళ్లాడు. బాగైపోయి తిరిగొచ్చాడు. అప్పట్నుంచి పెళ్లిళ్లలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు. "మా బామ్మర్దిదీ వినండి, కానీ నా మోత రాదు" అనేవాడు బావ.

బావ పెద్దకర్మ అయిన మర్నాడు, బందరులో చలి బాగా ఉంది. అక్క కనకమహాలక్ష్మి మంచం మీంచి ఒక్కో దుప్పటీ తీసి మడత పెడుతోంది. నాలుగు తేలాయి.

"ఇన్నెందుకక్కా?"

"ఫ్యాన్‌కిరా. ఆ టిక్కు వింటే మీ బావకి నిద్ర పట్టేది కాదు. ఎంత చలైనా ఫ్యాను ఆపనిచ్చేవారు కాదు. నీకు తెలిస్తే ఆపరేషన్ మానుకుంటావని నా చేత ఒట్టేయించుకున్నారు."

హరిబాబు తలెత్తి చూశాడు. పైన తుప్పుపట్టిన పాత ఫ్యాను.

"కొత్తది కొనుక్కోకపోయారా?"

"కొన్నారుగా. చప్పుడు చెయ్యట్లేదని మర్నాడే షాపువాడికి తిరిగిచ్చేశారు."