నాకు ఎదురు చెప్పడం నేర్పించాను

2022లో మొజాంబిక్‌లోని ఒక ప్రైవేటు బొగ్గు గనికి ట్రైనర్‌గా వెళ్లాను. అంతకుముందు గోదావరిఖనిలో చాలా ఏళ్లు డంపర్ నడిపి, తర్వాత కొత్తవాళ్లకు నేర్పాను. డంపర్ అంటే నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి, బొగ్గు మోసే భారీ బండి. దాని చక్రమే మనిషి కంటే ఎత్తు.

మన దగ్గర క్లాసంటే గోలే. "ఏంది కాకా, గట్లెట్లయితది?" అని అడ్డం తిరుగుతారు. నేను అరుస్తాను, అందరం నవ్వుకుంటాం, పని వచ్చేస్తుంది. అక్కడ నేను గొంతు పెంచితే తలలు వంచుకునేవారు. "అర్థమైందా?" అంటే అందరూ అవుననేవారు. బండెక్కాక చూస్తే సగం మందికి అర్థమయ్యేది కాదు.

నస్పూర్ నుంచి వచ్చిన సమ్మన్న నాతోపాటే అక్కడ ట్రైనర్. అతనితో నా బాధ చెప్పుకున్నాను.

"ఏం చేద్దాం సమ్మన్నా, ఏది చెప్పినా ఊఁ అనే అంటున్నరు."

"పెద్దోళ్లకు కాదని చెప్పుడు ఈడ తప్పంట అన్నా. నువ్వు తప్పు చెప్పినా ఊఁ అనే అంటరు."

ఆ మాటకు నాకు భయం వేసింది. మట్టి పోసే డంప్ అంచున నేనే పొరబడి "ఇంకా వెనక్కి" అంటే వీళ్లు వెనక్కే వెళ్తారు. కింద లోయ.

బ్యాచ్‌లో సెలెస్ట్ అనే అమ్మాయి మిగతావాళ్లకంటే బాగా ఇంగ్లీషు మాట్లాడేది. "మీ ఊళ్లో పెద్దలకు వద్దని చెప్పగలిగేవాళ్లే లేరా?" అని అడిగాను.

"పడవ నడిపేవాడు చెప్తాడు సర్. నది పొంగితే ఊరి పెద్ద అడిగినా పడవ తీయడు. ఎవరూ ఏమీ అనుకోరు."

మర్నాడు పాఠం మార్చేశాను. "స్టీరింగ్ పట్టుకున్నవాళ్లే పడవ నడిపేవాళ్లు. నేను గట్టు మీది ఊరి పెద్దను" అన్నాను. అందరి ముందూ తప్పులు పట్టడం మానేశాను. ఒక్కొక్కరినీ క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని, అక్కడి మర్యాద ప్రకారం ముందు ఇంట్లోవాళ్ల క్షేమం అడిగి, తర్వాతే పని మొదలుపెట్టేవాణ్ణి. క్లాసులో మాత్రం, వాళ్లు కాదంటారేమో చూద్దామని కావాలనే తప్పుడు ఆర్డర్లు ఇచ్చేవాణ్ణి. మొదట్లో ఎవరూ నోరు తెరవలేదు. ఒకరోజు ఒకామె "నో" అనేసి, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు వినగానే నా ప్రాణం లేచొచ్చింది.

వానాకాలంలో పరీక్ష పెట్టాం. గని మేనేజర్ నా పక్కనే ఉన్నాడు. సెలెస్ట్ డంపర్‌ను అంచు వైపు వెనక్కి తెస్తోంది. "ఇంకొంచెం వెనక్కి రా" అని రేడియోలో చెప్పాను. ఈసారి నిజంగానే చెప్పాను.

బండి ఆగిపోయింది.

"నో, సర్. నేల పగిలింది. అద్దంలో కనిపిస్తోంది. రాను."

"ట్రైనర్ మాటే వినదా?" అని మేనేజర్ చిరాకుపడ్డాడు. నేను బండికి అవతలి వైపు వెళ్లి చూశాను. మట్టికుప్ప చాటున పొడవాటి పగులు. వెంటనే బండిని ముందుకు పంపి, అక్కడ పని ఆపించాం. తర్వాతి షిఫ్టులో ఆ అంచు మొత్తం జారిపోయింది.

"అందరికంటే ముందు ఆమే పాసయింది" అని మేనేజర్‌కు చెప్పాను.

ఆ సాయంత్రం సమ్మన్న నా మొహం చూసి నవ్వాడు. "నీ మాట ఇనకపోతే గింత సంబురమేందన్నా?"

"నేను నేర్పిందే ఇన్నది సమ్మన్నా!"

సెలెస్ట్ ఇప్పుడు అక్కడే ట్రైనర్. నేను గోదావరిఖని తిరిగొచ్చి కొత్త ఆపరేటర్లకు నేర్పుతున్నాను. ఎవరికి ఏం నేర్పాలన్నా ముందు వాళ్ల మర్యాదలేమిటో తెలుసుకుంటాను. క్లాసులో నోరు మెదపనివాళ్లు కనిపిస్తే మాత్రం, వాళ్ల చేత నాకొకసారి "వద్దు" అనిపించేదాకా బండి తాళం ఇవ్వను.