కాళ్లు కడిగిన నీళ్లతో పెరిగిన కానుగ

ఈ పొద్దున చింతామణిలో బస్సు దిగగానే కానుగ పూల వాసన గుప్పుమంది. నా ఈడువాళ్లారా, వాకిట్లో కాళ్లు కడుక్కునే బండ, పక్కన ఇత్తడి చెంబు గుర్తున్నాయా?

నా చిన్నప్పటి మాట, యుద్ధం రోజులవి. మా ఇంటి ముందు రోడ్డు పక్కన అవ్వ కానుగ మొక్క నాటిన ఏడాదే బావి అడుగంటింది.

"మనుషులకే నీళ్లు లేవు, చెట్టుకు యాడ తెచ్చేది?" అన్నాడు నాయన.

అవ్వ వాదించలేదు. "సరేలేప్పా, చెట్టుకు పొయ్యను. ఇంటికొచ్చినోళ్లు కాళ్లన్నా కడుక్కోవల్ల గదా," అంది. నాయన అటు పోగానే అవ్వా నేనూ వాకిట్లోని ఆ బండను దొర్లించుకుంటూ పోయి మొక్క మొదట్లో వేశాం.

ఇంక నాకు పండగే. సంతకు పోయేవాళ్లందరికీ అడ్డం పడేదాన్ని. "మామా, ఈ ఎండలో యాడికి పోతాండావు? మజ్జిగ ఉండాది, కాళ్లు కడుక్కోని రాప్పా."

కాళ్లకు ఎంత దుమ్ముంటే నాకు అంత సంబరం. నాయన పళ్లు కొరికేవాడు గానీ, ఇంటికొచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వొద్దని ఎట్లా అంటాడు? వానలకు ముందే మొక్క చిగురేసింది.

తర్వాత బండను వాకిట్లోకి తెమ్మని నాయన ఎంత పోరినా అవ్వ కదపనివ్వలేదు. ఇవాళ వెళ్లి చూశాను. కానుగ వేరు దాన్ని సగం మింగేసింది. ఇంక ఎవరూ కదపలేరు.